ముందు తలుపు, వెనక తలుపు

సిటీ బస్సంటే నాకు ఇప్పటికీ పడదు. హైదరాబాదులో కాపురముంటున్న నా స్నేహితురాళ్లు నన్ను చూసి నవ్వుతారు, ఇంతమందికి చదువు చెప్పిన పంతులమ్మవు, బస్సెక్కడానికి ఇంత భయమేమిటని. భయం కాదు, కోపం. ఆ రోజుల్లో సిటీ బస్సుకు ముందొక తలుపు, వెనకొక తలుపు. ఆడవాళ్లు ముందు నుంచి ఎక్కాలి, మగవాళ్లు వెనక నుంచి. మధ్యలో ఊపిరాడనంత జనం. చెయ్యి పట్టుకుని వచ్చిన ఇద్దరిని ఎక్కకముందే విడదీసే ఈ పద్ధతి ఎవరు పెట్టారో గాని, వాళ్లింట్లో ముసలివాళ్లు లేరని మాత్రం చెప్పగలను.

మా సిరిసిల్ల బస్సుకు ఒకటే తలుపు. ఎక్కేదీ దిగేదీ అందులోంచే. ఎవరైనా పొలం గట్ల మీద ఉరుకుతూ చెయ్యెత్తితే డ్రైవరు తిట్టుకుంటూనైనా ఆపేవాడు. మనం ఎవరి బిడ్డలమో, ఎక్కడ దిగుతామో కండక్టరుకు తెలుసు. ఇక సీటు సంగతి వేరే. బస్సు స్టాండులోకి తిరుగుతుండగానే మగవాళ్లు దాని వెంట ఉరికి, కిటికీలోంచి తువ్వాల లోపలికి వేసేవాళ్లు. తువ్వాల ఏ సీటు మీద పడితే ఆ సీటు వాళ్లది. వేసినవాడు తాపీగా బీడీ కాల్చుకుని వచ్చినా సరే, ఆ తువ్వాలను ఎవరూ కదిలించరు. పొలం గెట్టు పంచాయితీలో తలలు పగలగొట్టుకున్న పాలివాళ్లు కూడా ఒకడి తువ్వాల మీద ఇంకొకడు కూర్చోగా నేను చూడలేదు.

తువ్వాల వేయడంలో మా బాపును మించినవాడు లేడు. నేను కరీంనగర్‌లో ఉండి చదువుకునే రోజుల్లో, ఇంటికి వచ్చి తిరిగి పోయేటప్పుడల్లా నాకంటే ముందు బస్టాండుకు నడిచేవాడు. ఎర్రంచు తువ్వాల, తను చేమగ్గం మీద నేసుకున్నదే, భుజం మీది నుంచి తీసి ఒక్క విసురు విసిరితే కిటికీ పక్క సీటు మీద పరిచినట్టు పడేది. నేను ఎక్కి కూర్చున్నాక తువ్వాల కిటికీలోంచి అందుకుని, దులిపి భుజాన వేసుకుని పనికి పోయేవాడు. బిడ్డ నిలబడి పోవద్దు, అంతే ఆయనకు కావలసింది. చదువు గురించి గాని మార్కుల గురించి గాని నన్ను ఎన్నడూ ఒక్క ముక్క అడగలేదు.

మా బాపు నేత పనివాడని చెప్పానుగా. మొదట ఇంట్లో మగ్గం ఉండేది. అది గిట్టుబాటు కాక సేటు షెడ్డులో సాంచల మీద పనికి కుదిరాడు. మరమగ్గాన్ని మా దగ్గర సాంచ అంటారు. పోగు తెగిందంటే వెంటనే సాంచ ఆపి ముడివేయాలి, లేకపోతే బట్టలో గీత పడుతుంది. ఒక ఏడాది బాపు చూసే సాంచల మీద బట్ట గీతలు గీతలుగా రావడం మొదలైంది. సేటు మాటలన్నాడు. షెడ్డులో బల్బులు మసకబారినయని బాపు అన్నాడు. మేమూ అదే అనుకున్నాం. అసలు సంగతి పసిగట్టింది అవ్వ, అమ్మను మేం అట్లాగే పిలిచేవాళ్లం. అన్నం తినేటప్పుడు పక్కనే పెట్టిన నీళ్ల చెంబును బాపు చెయ్యి తగిలి పడేస్తున్నాడు. ఎదురుగా ఉన్నది కనిపిస్తోంది, పక్కన ఉన్నది కనిపించడం లేదు.

కరీంనగర్‌లో కంటి డాక్టరు చూసి నీటికాసులని చెప్పాడు. కుడి కన్ను అప్పటికే పోయింది. ఎడమ కన్ను గొట్టంలోంచి చూసినట్టు కొంచెం మిగిలింది. హైదరాబాదులో ఒక పెద్ద కంటి దవాఖానకు నెలకొకసారి ఒక డాక్టరు వస్తాడని, ఆయన చేత్తో ఆపరేషన్ అయితే ఉన్న చూపు నిలుస్తుందని, ఆలస్యం మాత్రం చేయవద్దని చెప్పాడు. పోయింది ఎట్లాగూ రాదు. ఉన్నదాన్ని కాపాడుకోవాలి. ఆ మాట ఇంట్లో అందరం ఎన్నిసార్లు అనుకున్నామో లెక్కలేదు.

మా అన్న అప్పటికే భీవండి పోయి అక్కడి సాంచల మీద పని చేస్తున్నాడు. అవ్వకు మోకాళ్ల నొప్పులు. నేను ఖానాపూర్‌లో కొత్తగా ఉద్యోగంలో చేరి ఉన్నాను. సెలవు పెట్టి వచ్చి నేనే బాపును తీసుకుని బయలుదేరాను. అంతకుముందు నేను హైదరాబాదు చూసింది ఒకటి రెండుసార్లు, అదీ నలుగురితో కలిసి. చదువుకున్నదాన్ని, బోర్డులు చదవగలను, ఇంకేం కావాలని ధీమా.

తెల్లవారకముందే మొదటి బస్సు ఎక్కాం. ఆ రోజు కూడా బాపు అలవాటు కొద్దీ తువ్వాల వేశాడు, ఎవరూ లేని ఖాళీ బస్సులో. దారి పొడుగునా ఆయన నాకు జాగ్రత్తలు చెప్పాడు. తనకు చూపు ఆనడం లేదన్న సంగతే మరిచిపోయి, నేనింకా గౌన్లు తొడుక్కునే పిల్లనన్నట్టు చెప్పాడు.

"పట్నంల జర పైలం బిడ్డా. ఒకవేళ తప్పిపోతే గటుగిటు తిరుగకు. ఉన్నకాడనే నిలవడు. నేనే వస్త."

ఆ మాట నాకు కొత్త కాదు. చిన్నప్పుడు వేములవాడ జాతరకు పోయినప్పుడల్లా గుడి దగ్గరకు చేరకముందే ఆ పాఠం అయ్యేది. తువ్వాల ఒక కొస తన చేతికి చుట్టుకుని రెండో కొస నా మణికట్టుకు కట్టేవాడు. ఒకసారి ఆ ముడి ఊడిపోయి నేను నిజంగానే తప్పిపోయాను. గాజుల దుకాణం ముందు ఏడ్చుకుంటూ, కదలకుండా నిలబడ్డాను. ఆ జనసముద్రంలోంచి బాపు వచ్చాడు. అప్పటి నుంచి ఆ మాట మీద నాకు గురి. అయితే ఆ రోజు బస్సులో మాత్రం నవ్వొచ్చింది. సరే బాపు అని, కిటికీలోంచి బయటికి చూస్తూ కూర్చున్నాను.

గౌలిగూడ బస్టాండులో దిగేసరికి ఎండ ఎక్కింది. టీ కొట్టువాడిని అడిగితే దవాఖాన దిక్కు పోయే సిటీ బస్సు నంబరు చెప్పి, బయటి స్టాపులో నిలబడమన్నాడు. ఆ నంబరు ఇప్పటికీ నోటికొస్తుంది గాని రాయబుద్ధి కాదు. స్టాపులో జనం గుంపు. నేను నంబర్లు చదువుతూ మెడ చాపి నిలబడ్డాను. బాపు నా చెయ్యి పట్టుకుని ఉన్నాడు. సంచీ నా దగ్గర, డబ్బులు నా దగ్గర, కరీంనగర్ డాక్టరు రాసిచ్చిన చీటీ నా దగ్గర.

మా బస్సు వచ్చింది. గీదే బాపు, అన్నాను. నేను అనాల్సింది ఆ మాట కాదు, చెయ్యి వదలకు అనాలి. కాని నాకేం తెలుసు. బస్సని వినగానే బాపు నా చెయ్యి వదిలేశాడు. అంత వయసులో, ఆ కంటితో, బస్సు పక్కన నాలుగంగలు ఉరికి, ఎదురుగా కనిపించిన కిటికీలోంచి తువ్వాల లోపలికి విసిరాడు. నాకు సీటు పట్టాడు.

సిటీ బస్సు నిలబడదు. నిలబడినట్టు చేస్తుంది. వెనక తలుపు దగ్గర మగవాళ్లు తోసుకుంటుంటే వాళ్ల మధ్యన బాపు లోపలికి పోయాడు, పోయాడనే కంటే వాళ్లే తీసుకుపోయారనాలి. నేనూ అటే పోబోతే ఎవరో లేడీస్ ముందట అని అరిచారు. ముందు తలుపుకు ఉరికాను. అక్కడ మెట్టు మీద ఆడవాళ్లు, వాళ్ల చంకల్లో పిల్లలు, బుట్టలు. కడ్డీ అందింది, కాలు పెట్టడానికి చోటు దొరకలేదు. బస్సు కదిలింది. కొంతదూరం కడ్డీ పట్టుకుని ఉరికాను. చెయ్యి జారింది.

బాపు, బాపు అని అరిచాను. ఆ రోడ్డు మీద ఎవరికి వినిపిస్తుంది.

బస్సు మలుపు తిరిగిపోయింది. నేను రోడ్డు మధ్యలో సంచీతో నిలబడి ఉన్నాను. ఒక రిక్షావాడు పక్కకు జరగమని తిట్టి పోయాడు. తిరిగి స్టాపుకు వచ్చి నిలబడ్డాను.

అప్పుడు నేను ఏం చేయాలో ఈ రోజు తీరిగ్గా కూర్చుని వంద చెప్పగలను. వెనకాలే ఆటో ఎక్కాలి, వచ్చే బస్సెక్కి ఒక్కో స్టాపూ చూసుకుంటూ పోవాలి. అప్పుడు మాత్రం నా బుర్రలో ఉన్నది ఒకటే మాట. ఉన్నకాడనే నిలబడాలి, బాపు వస్తాడు. పక్క స్టాపులో దిగి నడుచుకుంటూ వస్తాడు. నేను అటు పోయి ఆయన ఇటు వస్తే? ఈ జనంలో నేను కనిపించకపోతే, ఆ గొట్టం చూపుతో ఎక్కడని వెతుకుతాడు?

స్టాపు దగ్గర డబ్బా లాంటి గదిలో కూర్చుని బస్సుల టైం చూసుకునే ఆయన దగ్గరికి పోయి చెప్పాను. ఆ నంబరు బస్సులు ఎన్నో తిరుగుతయి, ఏ బస్సని పట్టుకుంటామమ్మా, అన్నాడు. ఆయన తప్పు కాదు. చౌరస్తాలో పోలీసాయనకు చెప్పాను. పెద్దమనిషే గదా, చిన్నపిల్లగాడా, వస్తడులే అన్నాడు. ఆ నంబరు బస్సు వచ్చినప్పుడల్లా ముందు తలుపు నుంచి వెనక తలుపు దాకా ఉరుకుతూ కిటికీల్లోంచి ముఖాలు వెతికాను. కండక్టర్లను అడిగాను. తెల్ల ధోతి, ఖాళీ భుజం, పొడుగు మనిషి అని చెబుతుంటే చెబుతున్నప్పుడే బస్సు కదిలిపోయేది. పట్నంలో తెల్ల ధోతులు కట్టిన పొడుగు మనుషులు ఇంతమంది ఉన్నారని నాకు ఆ రోజే తెలిసింది.

స్టాపు పక్కన జామపండ్లు అమ్మే ఆమె పొద్దున్నుంచి నన్ను చూస్తోంది. ఎండకు తాళలేవు, నీడకు రమ్మని పిలిచింది. వద్దన్నాను. నీడలో నిలబడితే బాపుకు కనిపించనని నా భయం. ఆమె ఇంకేమీ అడక్కుండా ముంతలో నీళ్లు తెచ్చిచ్చింది. అవి తాగుతుంటే ఏడుపొచ్చింది.

దవాఖానలో ఆ డాక్టరు మధ్యాహ్నం దాకానే ఉంటాడు. పొద్దు నడినెత్తికి వచ్చింది. ఇంక బాపు దొరికినా డాక్టరు దొరకడు. అయినా ఆ క్షణాన కన్ను పోతే పోనీ, మనిషి దొరికితే చాలనుకున్నాను.

అప్పుడు వచ్చింది పొద్దటి బస్సు. అదే బస్సని ఎట్లా గుర్తుపట్టాననుకున్నారు? డ్రైవరు పక్కన ఇంజను డబ్బా మీద మడతలు పడి ఉంది ఎర్రంచు తువ్వాల. ఆ అంచు బాపు చేతిది, ఎక్కడున్నా గుర్తుపడతాను. దానితో ఎవరో అద్దం తుడిచినట్టున్నారు, నల్లగా మరకలు. వెనక తలుపు దగ్గరికి పోయి కండక్టరును చొక్కా పట్టుకుని ఆపినంత పని చేశాను. ఆయనకు బాపు గుర్తున్నాడు.

"టిక్కెట్ తీస్కోమంటే, బిడ్డ ముందటెక్కింది, పైసలు ఆమెకాడ ఉన్నయన్నడమ్మా. ముందట ఎవ్వల బాపని గట్టిగ అడిగిన. ఎవ్వలు పలుకలే. గప్పుడు పరేషానై, ఆపమని లకడీకాపూల్ కాడ దిగిండు."

అంటే అంతదాకా బాపు నిశ్చింతగానే ఉన్నాడు. బిడ్డ తను పట్టిన సీటులో కూర్చుందనుకున్నాడు. ఆ సీటులో తువ్వాల మీద ఎవరెవరో కూర్చుని లేచిపోయారు.

కండక్టరు తువ్వాల తెచ్చి నా చేతిలో పెట్టాడు. దాని కొస పట్టుకుని నిలబడ్డాను. జాతరలో ఆ కొసనే నా మణికట్టుకు కట్టేవాడు. తప్పిపోయినవాళ్లు నిలబడాలి, రెండోవాళ్లు వచ్చి వెతకాలి, అదీ ఆయన చెప్పిన పద్ధతి. పొద్దున్నుంచి నేను బాపు కోసం నిలబడే ఉన్నాను. నన్ను నేనే తప్పిపోయినదాన్ని అనుకున్నాను. మరి బాపు? ఆయన అక్కడ దిగి, తనే తప్పిపోయానని ఒప్పుకుని, నా కోసం నిలబడి ఉంటే? వచ్చే వంతు ఇప్పుడు నాదైతే? ఇద్దరం ఒకటే మాట పట్టుకుని రెండు చోట్ల నిలబడితే ఎన్నటికి కలుస్తాం?

బస్సు మళ్లీ అటు పోయేదాకా ఆగలేక ఎదురొచ్చిన ఆటో ఆపి ఎక్కాను. లకడీకాపూల్ అనే ఆ పేరు డ్రైవరుకు ఎన్నిసార్లు చెప్పానో, చివరికి ఆయన విసుక్కున్నాడు.

బాపు ఉన్నాడు. స్టాపులో, ఇనుప స్తంభాన్ని ఒక చేత్తో పట్టుకుని, నెత్తి మీద గుడ్డ లేకుండా ఎండలో నిలబడి ఉన్నాడు. చుట్టూ జనం వస్తున్నారు, పోతున్నారు. ఆయన మాత్రం బస్సులు వచ్చే దిక్కుకే ముఖం పెట్టుకుని ఉన్నాడు. నేను ఆటో దిగి ఆయన పక్కనే వచ్చి నిలబడ్డాను. చెయ్యి చాపితే అందేంత దగ్గర. నన్ను చూడలేదు. పక్కన ఉన్నది కనిపించదు కదా. ఒక బస్సు వచ్చి ఆగింది. దిగే ఆడవాళ్ల వైపు మెడ ఇంత పొడుగు చేసి చూశాడు. బస్సు పోయింది. మళ్లీ రోడ్డు వైపు తిరిగాడు.

బాపు, అన్నాను.

"అచ్చినవా బిడ్డా," అన్నాడు. ముఖం విప్పారింది. "నేను కదల్లే."

చెప్పిన పని సరిగ్గా చేసిన బడిపిల్లవాడి గొంతు అది. నా తరగతిలో రోజూ వినే గొంతు. అక్కడ పుస్తకాలు అమ్ముకునే ఆయన చెప్పాడు, రోడ్డు దాటిస్తానన్నా పోలేదట, చెట్టు కింద కూర్చోమన్నా కూర్చోలేదట, బిడ్డ వచ్చి చూస్తే కనపడనన్నాడట. నేను తువ్వాల ఆయన నెత్తికి చుట్టాను. కోపం ఎవరి మీద చూపించాలో తెలియక ఆయన మీదే అరిచాను, ఎవరు వేయమన్నారు తువ్వాల అని. సీటు దొరికిందా బిడ్డా, అని అడిగాడు బాపు.

దవాఖానకు పోయాం. డాక్టరు వెళ్లిపోయాడు. వచ్చే నెల రమ్మన్నారు. అక్కడున్న చిన్న డాక్టరు చుక్కల మందు రాసిచ్చాడు. ఆ నెలంతా నేను ఖానాపూర్‌లోనే ఉన్నాను, ఇంట్లో ఏమవుతోందోనని రోజూ అదే ఆలోచన. పోస్టుమాన్ కనిపిస్తే ఎదురుపోయేదాన్ని. అవ్వ చుక్కలు వేస్తూనే ఉంది. బాపు గోడ పట్టుకుని నడవడం మొదలుపెట్టాడు.

మరుసటి నెల మేము ముందురోజే పోయి సత్రంలో దిగాం. పొద్దున్నే ఆటోలో దవాఖానకు చేరి అందరికంటే ముందు వరసలో కూర్చున్నాం. పెద్ద డాక్టరు మెత్తని మనిషి. బాపు గడ్డం ఎత్తి పట్టుకుని కంట్లోకి సన్నటి లైటు వేసి చూశాడు. చాలాసేపు చూశాడు. ఆ వెలుగు పక్కన నిలబడ్డ నాకే కళ్లు చెదిరేటట్టుంది.

బాపు నా వైపు మెల్లగా వంగి, "బత్తి ఇంక ఎయ్యలేదా బిడ్డా?" అని అడిగాడు.

డాక్టరు లైటు ఆర్పేశాడు. నరం ఎండిపోయింది, ఇప్పుడు ఆపరేషన్ చేసి లాభం లేదన్నాడు. బాపును బయట బెంచీ మీద కూర్చోబెట్టి, నేను మళ్లీ లోపలికి పోయి అడిగాను. పోయిన నెల వస్తూ దారిలో తప్పిపోయాం, ఆ రోజు వచ్చి ఉంటే చూపు నిలిచేదా అని. ఆయన నన్ను చూశాడు. అవన్నీ ఇప్పుడెందుకమ్మా అని, తరవాతి వాళ్లను పిలిచాడు. ఆ జవాబు కోసం ఎన్నో ఏళ్లు ఎదురుచూశాను, ఎవరిని అడగాలో తెలియకుండానే. నిలిచేదంటే నేను బతకలేకపోయేదాన్నేమో. నిలిచేది కాదంటే కొంచెం నిద్ర పట్టేది. ఆయన ఏదీ చెప్పలేదు.

బయట ఆటోలవాళ్లు ఎవరూ గౌలిగూడ దిక్కు రామన్నారు. మళ్లీ బస్సు స్టాపు, మళ్లీ అదే నంబరు బస్సు. బాపు భుజం మీద తువ్వాల ఉంది. బస్సు చప్పుడు వినగానే ఆయన చెయ్యి దాని మీదికి పోయి, అక్కడే ఆగిపోయింది. విసరడానికి కిటికీ ఎక్కడుందో తెలియాలి కదా. ఆ చెయ్యి నేను పట్టుకున్నాను. తువ్వాల ఒక కొస తీసి ఆయన మణికట్టుకు కట్టి, రెండో కొస నా చేతికి చుట్టుకుని, ఆయనతో పాటు వెనక తలుపులోంచి ఎక్కాను.

లోపల మగవాళ్లు మా వైపు వింతగా చూశారు. కండక్టరు లేడీస్ ముందట, లేడీస్ ముందట అని అరుస్తూ వచ్చాడు. ఒకాయన లేచి బాపుకు సీటిచ్చాడు. బాపు కూర్చుని, తువ్వాల కొసతో నా చెయ్యి లాగి, నేను నిలబడి ఉన్నానని పోల్చుకున్నాడు.

"ముందట పో బిడ్డా, ఆడోళ్ల సీట్లుంటయి. నిలవడి ఎందుకు?"

కండక్టరు మళ్లీ గద్దించాడు. నేను బాపు సీటు కడ్డీని గట్టిగా పట్టుకున్నాను.

"నేను కదల్ల బాపు," అన్నాను.